గుండుసూదుల మీద నెపం

గుండుసూదుల మీద నెపం వేయడం తేలిక. అవి ఎదురు మాట్లాడవు. చిన్న మాస్టరు నోట్లో పొక్కులు లేచినప్పుడల్లా ఆ ఇంట్లో తప్పు గుండుసూదులదే అయ్యేది.

ఆ దర్జీ దుకాణంలో ఇద్దరు మాస్టర్లు. పెద్ద మాస్టరు తండ్రి, చిన్న మాస్టరు కొడుకు. మగవాళ్ల కోట్లూ ప్యాంట్లూ కుట్టడం వాళ్ల పని. తండ్రికి రెండు కళ్లూ పోయి చాలా ఏళ్లయింది. అయినా రోజూ పొద్దున్నే ఇస్త్రీ బల్ల పక్కన తన కుర్చీలో దర్జాగా కూచుని, వచ్చిన గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి దాని మంచిచెడ్డలు చెప్పేవాడు. కొడుకు కొలతలు తీసి, కత్తిరించి, ట్రయల్ వేసేవాడు. కోడలు కాజాలు కుట్టేది, బొత్తాలు వేసేది, తొందరపెట్టే గిరాకీలకు సర్దిచెప్పి పంపేది. నిజానికి దుకాణం నడిపేది ఆవిడే. మగవాళ్లిద్దరూ తామే నడుపుతున్నామనుకునేవాళ్లు, ఆవిడ అనుకోనిచ్చేది.

ట్రయల్ వేసేటప్పుడు రెండు చేతులూ గుడ్డ మీదే ఉండాలి. అందుకని గుండుసూదుల్ని వరసగా పెదవుల మధ్య పట్టుకుని, ఒక్కొక్కటే తీసి గుచ్చడం ఆ ఇంటి పద్ధతి. తండ్రి అలాగే పట్టాడు, కొడుక్కి అలాగే నేర్పాడు. తండ్రికి నోరు పూసేది, కొడుక్కీ పూసేది. నాలుక అంచున, చెంప లోపల, పెదవి వెనక తెల్లటి గుంటలు, వాటి చుట్టూ ఎర్రటి గీత. మాట్లాడితే మంట, నవ్వితే మంట, కాస్త కారం తగిలిందా, ఇక ప్రాణం లేచిపోయినంత పని. తగ్గాయి కదా, హమ్మయ్య అనుకునేలోపు ఇంకోచోట లేచేవి.

"నోరు పూయకపోతే వాడేం దర్జీరా! సూది పట్టిన నోరు పూయక పువ్వులు పూస్తుందా?" అని పెద్ద మాస్టరు కుర్చీలోంచి గర్వంగా అనేవాడు. పొక్కులు ఆయన దృష్టిలో పనితనానికి గుర్తు. కొడుకు కూడా చిన్నప్పుడు మొదటిసారి నోరు పూసినప్పుడు, తనకి పని వచ్చేసిందని మురిసిపోయాడు. అంత తెలివితక్కువ సంతోషం మనిషికి ఇంకోటి ఉండదు.

కోడలికి ఈ గర్వం అర్థమయ్యేది కాదు. "వేడి చేసిందేమోనండీ, చలవ చేసేవి తినండి" అని కొన్నాళ్లు చూసింది. తర్వాత సూదుల్ని మరిగే నీళ్లలో వేసి తీసింది. అదీ కాదని, మెత్తటి గుడ్డలో దూది కూరి చిన్న దిండు కుట్టి భర్త మణికట్టుకి కట్టింది. "ఇహ సూదులు నోట్లో పెట్టారో, నేను కాజాలు కుట్టను, మీరే కుట్టుకోండి" అని బెదిరించింది. కాజాల మాట వినగానే చిన్న మాస్టరు దారికొచ్చాడు.

విచిత్రంగా కొన్ని వారాలు నోరు శుభ్రంగా ఉంది. ఆవిడ చుట్టుపక్కల దుకాణాల వాళ్లందరికీ చెప్పుకుంది. ఆ జబ్బు తనంతట తనే వచ్చి తనంతట తనే పోతుందని అప్పుడెవరికీ తెలియదు కదా. తర్వాత పొక్కులు మళ్లీ వచ్చాయి, ఈసారి గొంతు దాకా. పైగా కొత్త తంటా మొదలైంది. చేతికి ఎక్కడ సూది గుచ్చుకుంటే అక్కడ మర్నాటికల్లా చీముపొక్కు.

"సూదులు తుప్పువి. కాదు, వాటికేదో విషం పూశారు" అని తేల్చాడు చిన్న మాస్టరు. పెట్టె పట్టుకుని సూదులమ్మే ఆయన కొట్టుకి వెళ్లి ఒంటికాలి మీద లేచాడు. ఆయన తక్కువ తిన్నవాడా? అదే పెట్టెలోంచి ఒక సూది తీసి, అందరి ముందూ తన అరచేతిలో గుచ్చుకున్నాడు. మర్నాడు పొద్దున్నే దర్జీ దుకాణానికి వచ్చి ఆ చెయ్యి చాపాడు. చిన్న చుక్క కూడా లేదు.

"చూడండి మాస్టరూ! ఏదీ మీ విషం?"

"మీది చెయ్యి కాదండీ, చెప్పు అట్ట. సూదే భయపడి ఉంటుంది" అన్నాడు పెద్ద మాస్టరు. దుకాణమంతా గొల్లుమంది. సూదులమ్మే ఆయన కూడా నవ్వేశాడు. ఒకే పెట్టె, ఒకే సూది, ఒక చెయ్యి చీము పట్టింది, ఇంకో చెయ్యి పట్టలేదు. అంటే తేడా సూదిలో లేదన్నమాట. అంత చిన్న సంగతి అక్కడున్న ఒక్కరి బుర్రకీ తట్టలేదు. నవ్వడానికే సరిపోయింది.

పెద్ద మాస్టరు దగ్గర ఇంతకంటే పెద్ద నవ్వులాట ఒకటుంది. ట్రయల్‌కి వచ్చిన ప్రతివాడికీ అది చెప్పకుండా వదిలేవాడు కాదు. తన చూపు మసకబారుతున్న రోజుల్లో ఒక కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాడట. డాక్టరు దీపం వేసి రెండు కళ్లూ చూశాడట. చూసి, "నోరు తెరవండి" అన్నాడట.

"కళ్లు చూపించుకోడానికొస్తే నోరు తెరవమంటాడేంటండీ! రేపు బూటు విప్పమంటాడు, ఎల్లుండి జేబు చూపించమంటాడు. వీడికి కన్నెక్కడుంటుందో కూడా తెలీదు, నాకేం వైద్యం చేస్తాడని లేచొచ్చేశాను. వెనకాల పిలుస్తూనే ఉన్నాడు, నేను వింటేగా!" అని తొడ చరిచి నవ్వేవాడు. వినేవాళ్లు కడుపు పట్టుకునేవాళ్లు. చిన్న మాస్టరు ఆ కథని చిన్నప్పటి నుంచీ విన్నాడు. తండ్రి ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ గొంతు మారుస్తాడో అతనికి కంఠతా వచ్చు.

ఈ సంబరాల మధ్య చిన్న మాస్టరు ఎడమ కన్ను ఎర్రబడింది. దీపం వెలుతురు చూస్తే గుచ్చుకునేది. మందుల షాపు నుంచి చుక్కల మందు తెచ్చి వేసుకున్నాడు. ఎరుపు కాస్త తగ్గింది. పని ఒత్తిడి అనుకున్నాడు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లమని భార్య నెత్తీ నోరూ కొట్టుకుంటే, చేతిలో ఉన్న కోట్లు అప్పగించాక వెళ్తానన్నాడు. దర్జీ చేతిలో కోట్లు ఎప్పటికి అయిపోతాయి?

ఒక మధ్యాహ్నం వకీలుగారు ప్యాంటు ట్రయల్‌కి వచ్చారు. ప్యాంటు అంచు సమంగా వచ్చిందో లేదో చూడాలంటే చిన్న మాస్టరు మోకాళ్ల మీద కూచుని, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో గురి చూసేవాడు. ఎప్పుడూ అంతే. ఆ రోజు గుడ్డ దులుపుతుంటే ఉన్ని పోగొకటి ఎగిరి కుడి కంట్లో పడింది. నలుపుకుంటూ, కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాడు.

వకీలుగారు లేరు. ప్యాంటు లేదు, అద్దం లేదు, ఎదురుగా ఉండాల్సిన గోడ లేదు. బూడిదరంగు మబ్బు, అందులో అటూ ఇటూ తేలే నల్లటి మరకలు. అంతే.

"కరెంటు పోయిందా?" అన్నాడు.

"లేదే. ఫ్యాను తిరుగుతోందిగా" అన్నారు మబ్బులోంచి వకీలుగారు.

కుడి కన్ను తెరిచాడు. వకీలుగారు ఉన్నారు, ప్యాంటు ఉంది, అద్దంలో తన ముఖం ఉంది. మూశాడు, అంతా మాయం. తెరిచాడు, మూశాడు.

"ఏంటి మాస్టరూ, ఈ వయసులో నాకు కన్ను కొడుతున్నారు?" అని వకీలుగారు నవ్వారు.

చిన్న మాస్టరు నవ్వలేదు. లేవబోయి లేవలేక వకీలుగారి మోకాలు పట్టుకున్నాడు. ఎన్నాళ్లయింది ఇది? వారమా, నెలా? గురి చూసేటప్పుడల్లా ఆ కన్నే మూస్తూ వచ్చాడు కదా, చూపు పోతున్నా తెలిసే దారేది? మిగతావేళ కుడి కన్నే రెండింటి పనీ చేసుకుపోయింది.

కోడలు కాజా మధ్యలో వదిలేసి వచ్చింది. సంగతి విని, భర్త ముఖం ముందు వేళ్లు ఆడించి చూసింది. అప్పుడు కుర్చీలోంచి పెద్ద మాస్టరు నింపాదిగా అన్నాడు.

"హైరానా పడకండి. సూది పని చేసేవాడి కన్ను మసకబారక ఇంకెవడిది బారుతుంది? నాకూ ఇలాగే మొదలైంది."

ఆ ఆఖరి మాటకి కోడలు గిరుక్కున ఆయన వైపు తిరిగింది. ఓదార్పుకని ఆయన అన్న మాట అది. ఆయన రెండు కళ్లూ చీకటై ఎదురుగా కూచున్నాయి. ఆవిడ ఇంకేమీ వినలేదు. భర్త చెయ్యి పట్టుకుని, వకీలుగారిని సగం ప్యాంటుతో అక్కడే వదిలేసి, వీధిలోకి లాక్కెళ్లింది.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. గడ్డం ఆనించే యంత్రంలోంచి చాలాసేపు చూసింది. ఎడమ కన్ను, కుడి కన్ను, మళ్లీ ఎడమ కన్ను. దీపం ఆర్పింది. కుర్చీ ముందుకు జరుపుకుంది.

"నోరు తెరవండి" అంది.

చిన్న మాస్టరు కదల్లేదు. పక్కన కోడలు అలవాటు కొద్దీ నవ్వబోయింది. వందసార్లు విన్న కథ కదా, నోరు నవ్వడానికి సిద్ధమైపోయింది. అంతలోనే ఆ నవ్వు ముఖం మీదే గడ్డకట్టింది.

"కళ్లు చూపించుకోడానికొచ్చామండీ" అన్నాడు చిన్న మాస్టరు. ఆ మాట తనది కాదు. తండ్రి కథలోది. తన నోట తండ్రి గొంతే పలికింది.

"తెలుసండీ. ఒకసారి తెరవండి."

కోడలు అతని భుజం పట్టి నొక్కింది. ఎంత గట్టిగా నొక్కిందంటే ఆ గోళ్ల గుర్తులు సాయంత్రం దాకా పోలేదు. చిన్న మాస్టరు నోరు తెరిచాడు.

డాక్టరమ్మ నాలుక కిందా, చెంపల లోపలా చూసింది. మాటిమాటికీ వస్తాయా అని అడిగింది. వస్తాయన్నాడు. సూది గుచ్చుకున్న చోట చీము పడుతుందా అని అడిగింది. ఆ ప్రశ్న ఈవిడకెలా తెలిసిందని అతను బిత్తరపోయాడు. కాళ్ల మీద ఎర్రటి గడ్డలు? వచ్చాయన్నాడు. ఇంకెక్కడైనా పుండ్లు, బట్టల చాటున?

"అలాంటివేం లేవండీ" అంది కోడలు.

చిన్న మాస్టరు నీళ్లు నమిలాడు. "ఉన్నాయండీ. వచ్చి పోతుంటాయి" అన్నాడు నేల చూస్తూ.

కోడలు తిరిగి చూసింది. "నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పను? నేనేదో తిరుగుళ్లు తిరిగి అంటించుకొచ్చానని అనుకుంటావని భయమేసింది."

ఆవిడకి కోపం రావాలి. రాలేదు. ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉండి, ఈ మనిషి ఇంత భయాన్ని ఒక్కడే మోశాడా అని దిమ్మెరపోయింది.

"ఇది అంటించుకునేది కాదండీ" అంది డాక్టరమ్మ. "దీన్ని బెషెట్ జబ్బంటారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి రక్తనాళాల మీద పడుతుంది. చాలామందిలో ముందు నోట్లో కనిపిస్తుంది. నోరు పూసిన వాళ్లందరికీ ఈ జబ్బు ఉంటుందని కాదు, ఎక్కువమందికి అవి మామూలు పొక్కులే. కానీ అవే పదే పదే వస్తూ, ఒంటి మీద ఇంకోచోట పుండ్లు పడి, కన్ను ఎర్రబడిందంటే ఇక ఊరుకోకూడదు."

"సూదుల వల్ల కాదాండీ?"

"సూదులేం చేశాయండీ పాపం."

ఆవిడ ఒక కొత్త సూది ప్యాకెట్ చింపి అతని ముంజేతి మీద గుచ్చింది. "ఇది ఎవరి నోట్లోకీ వెళ్లని సూది. ఎల్లుండి మళ్లీ రండి, ఇక్కడా చీము పడుతుందేమో చూద్దాం. మందులు మాత్రం ఇవాళే మొదలుపెడతాను. ఆగడానికి టైము లేదు." అప్పుడు అసలు మాట చెప్పింది. ఎడమ కంట్లో పోయిన చూపు చాలావరకు తిరిగి రాదు. కుడి కంట్లోనూ వాపు మొదలైంది. దాన్ని నిలబెట్టే ప్రయత్నం చెయ్యొచ్చు, గట్టి మందులున్నాయి, మానకుండా వాడాలి.

కుడి కంట్లోనూ! చిన్న మాస్టరుకి ఆ తర్వాత మాటలు చెవికెక్కలేదు. ఆ కన్ను బాగుందనే ధైర్యంతోనే అతను అంతదాకా కూచోగలిగాడు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా? అరుదుగా కొన్ని కుటుంబాల్లో ఒకరికంటే ఎక్కువమందికి వస్తుంది" అని అడిగింది డాక్టరమ్మ.

మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కోడలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా నాన్నగారికండీ" అన్నాడు చిన్న మాస్టరు. "ఆయన్నీ ఒక డాక్టరు నోరు తెరవమన్నాడు. ఆయన తెరవలేదు."

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. "వచ్చేటప్పుడు ఆయన్ని కూడా తీసుకురండి" అంది.

ఇంటికొచ్చాక చిన్న మాస్టరు తండ్రికి చెబుదామని నోరు తెరిచాడు, మూశాడు. భోజనం దగ్గర తెరిచాడు, మూశాడు. ఏమని చెబుతాడు? కళ్లు రెండూ పనికి ధారపోశానని తలెత్తుకు బతికిన మనిషి. ఆ గర్వం తప్ప ఆయనకి ఇంకేం మిగిలింది? "మందులిచ్చారు నాన్నా, నిన్ను కూడా ఒకసారి చూస్తారట" అని మాత్రం అన్నాడు. ఈలోగా ముంజేతి మీద గుచ్చిన చోట ఎర్రగా ఉబ్బి, నడుమ తెల్లగా చీము పట్టింది. కోడలు దాన్ని రోజంతా వచ్చి చూసిపోయేది. తన చిన్న దిండూ, మరిగించిన నీళ్లూ, సూదులాయనతో పోట్లాటా తలుచుకుని, తమంత వెర్రివాళ్లు ఇంకెవరూ ఉండరనుకుంది.

మూడో రోజు ఆసుపత్రి వరండాలో ముగ్గురూ బెంచీ మీద కూచున్నారు. జనం వస్తున్నారు, పోతున్నారు. పెద్ద మాస్టరు శుభ్రంగా తన పాత కోటు వేసుకొచ్చాడు. ఆయనకి కులాసాగానే ఉంది.

"ఒరేయ్, ఇన్నాళ్లకి నన్నెందుకు రమ్మందిరా ఆవిడ? నా కళ్లలో చూడ్డానికేముందని?"

"కళ్లు కాదు నాన్నా." చిన్న మాస్టరు తండ్రి వైపు తిరిగాడు. "నోరు చూస్తుందట."

పెద్ద మాస్టరు ఠక్కున నవ్వాడు. "చూశావా! ఈవిడా అంతేనా..." అని మొదలుపెట్టాడు. కొడుకు నవ్వలేదు, కోడలు నవ్వలేదు. చీకట్లో బతికే మనిషికి ఎదుటివాళ్ల మౌనం బాగా తెలుస్తుంది. ఆయన నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"ఏంటిరా?"

చిన్న మాస్టరు తండ్రి చెయ్యి తీసుకుని తన ముంజేతి మీద పెట్టాడు. ఆ వేళ్లు ఉబ్బిన చోటు వెతుక్కుని, దాని చుట్టూ మెల్లగా తిరిగాయి.

"కొత్త సూదితో గుచ్చింది నాన్నా. మన సూదులు కాదు. ఒంట్లోనే జబ్బుంది. నోట్లో పొక్కులు దాని గుర్తట. కళ్లు పోయేదీ దానివల్లేనట."

"నాకూ లేచేవి ఇలాగే" అన్నాడు పెద్ద మాస్టరు.

"తెలుసు నాన్నా."

"అంటే ఆ డాక్టరు..." ఆయన మాట పూర్తి చేయలేదు. "నేనప్పుడు నోరు తెరిచుంటే?"

అబద్ధమాడదామని చిన్న మాస్టరుకి అనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ తండ్రి వేళ్లు ఇంకా తన చేతి మీదే ఉన్నాయి. గుడ్డలో కల్తీని ఇట్టే పట్టే వేళ్లవి.

"డాక్టరమ్మకి ఫోను చేసి అడిగాను. అప్పట్లో మందులు తక్కువట. అయినా ఒక కన్నయినా నిలిచేదేమో అంది."

పెద్ద మాస్టరు దిగ్గున లేచి నిలబడ్డాడు. వరండా అదిరిపోయేలా అరిచాడు.

"మరి వాడెందుకు ఊరుకున్నాడురా! మూర్ఖుడొకడు లేచిపోతుంటే చొక్కా పట్టుకుని కూచోబెట్టాలి కదా! దవడ మీద ఒక్కటిచ్చి నోరు తెరిపించాలి కదా! పిలిచి ఊరుకుంటాడా? డాక్టరేనా వాడు? నాకు తెలీదు సరే, వాడికి తెలుసు కదా!"

బెంచీల మీద వాళ్లంతా తిరిగి చూశారు. కోడలు "మావయ్యా, కూచోండి మావయ్యా" అని నడుం చుట్టూ చెయ్యి వేసింది. అరుపు అరుపుగానే ఉండి ఎప్పుడు ఏడుపైందో ఎవరికీ తెలియలేదు. కూలబడి, కొడుకు చేతిని రెండు చేతులా పట్టుకుని గుండెకి అదుముకున్నాడు. ఆ మనిషి ఏడవగా కొడుకు చూడడం అదే మొదలు.

"ఇంత మీసం కూడా లేదురా నీకు, నేను నిన్ను ఆఖరుసారి చూసినప్పుడు" అన్నాడు.

చిన్న మాస్టరు ఉన్న ఒక్క కంటితో తండ్రిని చూస్తూ కూచున్నాడు. ఆ కంట్లో నీళ్లు తిరిగి ఆయన ముఖం కూడా చెదిరిపోయేసరికి, భయపడి గబగబా తుడుచుకున్నాడు.

లోపలి నుంచి నర్సు వచ్చి పిలిచింది. ఇంజెక్షన్ సిద్ధంగా ఉందట, చిన్న మాస్టరుని రమ్మంది. అతను లేవబోయాడు. తండ్రి చెయ్యి వదల్లేదు. నర్సు మళ్లీ పిలిచింది.

"నాన్నా."

"వినబడింది" అన్నాడు పెద్ద మాస్టరు. పట్టుకున్న చేతిని తనే వదిలి, కొడుకు వీపు మీద చెయ్యి వేసి గట్టిగా ముందుకు తోశాడు. "వెళ్లు. ఇంకా ఇక్కడే ఉన్నావేంట్రా, వెళ్లు!"